చూచుట, చూచుకొనుట

చదువవలసిన భాగములు: ఆదికాండము 9:20–23; 1 సమూయేలు 3:1–9; కీర్తన 139; మత్తయి 25:31–40



ఈ మాసపు ధ్యానమును ఒక ఒప్పుకోలుతో మొదలుపెట్టవలసియున్నది.

నేను కాపరిగానున్న సంఘములో 78 ఏండ్ల వృద్ధురాలు ఒకామె కలదు. పేరు వ్రాయను, ఊరివారందరు ఆమెను మామ్మ అనియే పిలుతురు. ప్రతి ఆదివారము పిడికెడు బియ్యపు సంచితో అందరికంటె ముందుగా గుడికి వచ్చి, కిటికీ ప్రక్కన చాపమీద కూర్చుండెడిది. రెండు సంవత్సరముల క్రిందట ఒక రాత్రి పెరటిలోనికి పోవుచు కాలు జారి పడి, కుడిచేయి విరిగి, తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పి, తెల్లవారి పాలు పోయువాడు వచ్చువరకు నేలమీదనే పడియుండెను. ఆమె ఇంటికిని నా ఇంటికిని మధ్య నాలుగు ఇండ్లే. ఆ రాత్రి నేను సుఖముగా నిద్రించితిని.

ఆమెకు ఒక్కడే కుమారుడు. అమెరికాలో ఉద్యోగము. తల్లి ఇక ఒంటరిగా వండుకొనజాలదని, పట్టణములోనున్న ఒక వృద్ధుల వసతిగృహములో చేర్పించెను. అక్కడ నర్సులున్నారు, మందులున్నవి, మెత్తని అన్నమున్నది. కొన్ని దినములకు అతడు నాకు ఫోను చేసి, “అయ్యగారూ, అమ్మ గదిలో సెన్సర్లు పెడతామంటున్నారు. పెట్టించమంటారా?” అని అడిగెను. నాలుగు ఇండ్ల అవతల నిద్రించినవాడను గనుక నేను వెనుకముందులు చూడక, “పెట్టించు నాయనా, ఈ జ్ఞానం కూడా దేవుడిచ్చిందే” అని చెప్పితిని.

సెన్సరు అనగా పసిగట్టు పరికరము. మామ్మ పరుపు క్రింద ఒక పలుచని పట్టీ యున్నది. ఆమె పండుకొనినది, లేచినది అది తెలిసికొనును. గోడమీద ఒక చిన్న పెట్టె యున్నది. మనిషి శరీరపు వేడిమి గదిలో కదలినప్పుడెల్ల అది గుర్తించును. స్నానపు గది తలుపునకు మరియొకటి కలదు. కెమెరా లేదు. ఈ మూడును చెప్పు సంగతులు నర్సు బల్లమీదికిని, కుమారుని ఫోనులోనికిని పోవును. అతడు ఎంతో నమ్మకముతో నా ఫోనులో కూడ అది కనబడునట్లు చేసెను. ఉదయమున ఆకుపచ్చ చుక్క కనబడినయెడల మామ్మ క్షేమము. నేను ఆ చుక్కను చూచి స్తోత్రము చెప్పుకొని నా పనిమీద పోవుచుంటిని.

ఇదివరకు నెలకొకసారి, మొదటి సోమవారమున, నేను బస్సెక్కి పోయి ఆమెతో ప్రార్థన చేసి వచ్చెడివాడను. ఒక నెల గుడి పైకప్పు పని వచ్చినది. మరుసటి నెల కోతలు. ఆ తరువాతి నెలలో కారణము కూడ వెదకుకొనలేదు. ఆకుపచ్చ చుక్క ఉన్నది గదా! మూడు నెలలు గడచినవి. ఇదియే నా ఒప్పుకోలు.

నాలుగవ నెలలో పోయితిని. “బాగున్నారా మామ్మా? రోజూ ఫోనులో చూస్తూనే ఉన్నాను” అంటిని.

“చూస్తున్నారటగా అయ్యగారూ. అబ్బాయీ చూస్తున్నాడు, నర్సమ్మా చూస్తోంది. అందరూ చూస్తున్నారు. వచ్చేవాళ్ళే లేరు” అనెను.

నేను తల వంచుకొంటిని. కొంతసేపటికి ఆమెయే మరల చెప్పసాగెను. “రాత్రి మూడింటికి లేచి మంచం పక్కన మోకాళ్ళేసే అలవాటు నాకు పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉంది. ఇక్కడ అలా చేస్తే గంట మోగుతోంది. రెండుసార్లు నర్సమ్మ చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది పాపం, పడిపోయాననుకుని. వాడక్కడ పనిలో ఉంటే వాడి ఫోనూ మోగిందట. ఎందుకొచ్చిన గొడవని మానేశాను. ఇప్పుడు పడుకునే చేసుకుంటున్నాను. పడుకుంటే నిద్రపట్టేస్తుంది అయ్యగారూ, ప్రార్థన సగంలోనే.”

సంగతి నాకు అర్థమైనది. మంచము విడిచినది; గదిలో కదలిక లేదు; స్నానపు గది తలుపు తెరువలేదు. ఈ మూడును కలిపి పరికరము, ఈమె నేలమీద పడియున్నదని లెక్క కట్టును. మోకరించి ప్రార్థించు స్త్రీకిని, పడిపోయిన స్త్రీకిని దానికి భేదము తెలియదు. దానిని నిందింపలేము. హన్నా పెదవులు కదలుట చూచి ఆమె మత్తురాలైయున్నదని యాజకుడైన ఏలీయే పొరబడెను గదా! అయినను ఏలీ అడిగెను గనుక హన్నా జవాబు చెప్పెను. మామ్మను ఎవరును అడుగలేదు. సలహా చెప్పిన నేనును అడుగలేదు.

తిరుగు బస్సులో ఈ ప్రశ్న నన్ను విడువలేదు: ముసలివారిని కాపాడుటకు మనము వారిని ఎంతవరకు చూడవచ్చును? మన ఊళ్ళలో పిల్లలు దూరదేశములకు పోయిన ఇండ్లు పెరుగుచున్నవి. ఈనాడు కాకున్న రేపు ఈ ప్రశ్న మీ గుమ్మములోనికి వచ్చును. కాబట్టి ఓపికతో ఆలోచింతము.

మొదట ఈ పరికరముల మేలును నిజాయితీగా చెప్పుకొనవలెను. ఆ కుమారుడు నాకు వివరించిన ఒక చోటు అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున కొలంబియా పట్టణములో నున్నది. దాని పేరు టైగర్‌ప్లేస్. అది 2004లో ప్రారంభమైన వృద్ధుల నివాసము. అక్కడి విశ్వవిద్యాలయపు నర్సింగు ఆచార్యురాలు మెరిలిన్ రాంట్జ్ గారును, ఇంజనీరింగు ఆచార్యురాలు మార్జరీ స్కూబిక్ గారును తమ తోటివారితో కలిసి, సమ్మతించిన వృద్ధుల గదులలో సెన్సర్లు అమర్చి అనేక సంవత్సరములు పరిశోధించిరి. పరుపు క్రింద నీరు నింపిన గొట్టము నుంచిరి. గుండె కొట్టుకొనుటయు శ్వాసయు ఆ నీటిని కొద్దిగా కదలించును, దానినిబట్టి రెంటిని లెక్కింపవచ్చును. మనిషి నడకను గమనించుటకు ముఖము కనబడని, నీడవంటి ఆకారము మాత్రమే చూపు పరికరములను వాడిరి.

దీని ప్రయోజనమేమి? వృద్ధులకు మూత్రమార్గములో వ్యాధి మొదలైనప్పుడు, వారు నొప్పి అని నోరు తెరువకముందే రాత్రివేళ ఎక్కువ సార్లు లేతురు. గుండె బలహీనపడినప్పుడు నిద్ర చెదరును. పడిపోవుటకు ముందు నడక మందగించును. నడక వేగము సెకనుకు 5 సెంటీమీటర్లు తగ్గినయెడల, తరువాతి మూడు వారములలో పడిపోవు సంభావ్యత 86.3 శాతమని ఆ విశ్వవిద్యాలయమువారు 2016లో ప్రకటించిరి. 5 సెంటీమీటర్లనగా మూడు వ్రేళ్ళ వెడల్పు. ఏ కుమారుని కన్ను ఆ భేదమును పట్టగలదు? 2015లో ప్రచురింపబడిన మరియొక లెక్క ప్రకారము, సెన్సర్లు గలవారు సగటున 1557 దినములు అదే నివాసములో ఉండగలిగిరి. అవి లేనివారు 936 దినములు. తన తలుపు, తన కుర్చీ, తన కిటికీ విడువకుండ ఒక వృద్ధురాలికి ఇంచుమించు రెండేండ్లు కలిసివచ్చుట అల్పమైన సంగతి కాదు.

అయితే ఇందులో ఒక మాటను దాటిపోరాదు. ఆ రెండు గుంపులకును నర్సుల సంరక్షణ ఉండెను. సెన్సరు ఒక వార్త పంపును, నర్సు లేచి గదికి పోయి, చేయి పట్టుకొని, “ఎట్లున్నారు?” అని అడుగును. వార్త వచ్చినను మనిషి రానియెడల ఆ లెక్కలన్నియు కాగితమే. మామ్మ విషయములో నర్సమ్మ చెప్పులు లేకుండ పరుగెత్తెను. రాక ఊరకున్నది నేను.

ఇప్పుడు వాక్యము వెలుగులో మూడు సంగతులు చూతము.

మొదటిది, చూచుట వేరు, చూచుకొనుట వేరు. మన తెలుగులో ఈ రెండు మాటలును ఒకే వేరునుండి మొలచినవి. కాని “వాడు తల్లిని చూచుచున్నాడు” అనుటకును, “వాడు తల్లిని చూచుకొనుచున్నాడు” అనుటకును ఎంత భేదము! మొదటిదానికి కన్ను చాలును. రెండవదానికి కాళ్ళు చేతులు కావలెను. మత్తయి 25వ అధ్యాయములో రాజు తన కుడివైపున నున్నవారిని మెచ్చుకొనుట జ్ఞాపకము తెచ్చుకొనుడి. నేను రోగినైయున్నట్టు మీకు తెలిసెను అని ఆయన చెప్పలేదు. వచ్చితిరి అని చెప్పెను. రోగి సంగతి ఎడమవైపువారికిని తెలిసియే యుండవచ్చును, వారు పోలేదు. ఆకుపచ్చ చుక్కను చూచి మూడు నెలలు ఇంట కూర్చున్న కాపరి ఏ వైపున నిలువవలెనో నేను చెప్పనక్కరలేదు.

బాలుడైన సమూయేలును చూడుడి. ఏలీకి కన్నులు మసకలైనవి. బాలుడు పిలుపు వినబడునంత దగ్గర పండుకొనెను. ఒక రాత్రి మూడుసార్లు పరుగెత్తివచ్చి, నన్ను పిలిచితివి గదా అని నిలువబడెను. మూడుసార్లును ఏలీ పిలువలేదు. ఈనాటి మాటలో చెప్పవలెనన్న, మూడు తప్పుడు గంటలు. అయినను బాలుడు విసుగుకొనలేదు; ముసలివాడు గద్దింపక, పోయి పండుకొనుమనెను. మనకు కావలసిన కాపుదల ఇట్టిది: పిలువకున్నను వచ్చునది, అక్కర లేదన్నప్పుడు మరల పోవునది.

రెండవది, అడిగి చూచుట. 139వ కీర్తనలో కీర్తనకారుడు తన కూర్చుండుటయు లేచుటయు దేవునికి తెలియునని ఒప్పుకొనుచున్నాడు. నేను ఆ కీర్తనను మరల చదివినప్పుడు మామ్మ పరుపు క్రిందనున్న పట్టీ జ్ఞాపకము వచ్చినది. అదియు కూర్చుండుట లేచుట ఎరుగును! అట్లయిన భేదమేమి? ఒక భేదము, దేవుడు హృదయమును కూడ ఎరుగును గనుక మోకాళ్ళమీదనున్నవారిని పడిపోయినవారని అనుకొనడు. రెండవ భేదము కీర్తన చివర నున్నది. ఎక్కడికి పారిపోగలనని తలచిన మనుష్యుడే చివరకు తనను పరిశోధింపుమని తానే దేవుని వేడుకొనుచున్నాడు. అంతా ఎరిగిన దేవుని యెదుట కూడ ఆ కీర్తన మనుష్యుని సమ్మతితో ముగియుచున్నది. అట్లయిన కొంచెము మాత్రమే ఎరుగు మనము, సమ్మతి అడుగకుండ ఒక తల్లి పరుపు క్రింద చెవి పెట్టవచ్చునా?

లోకపు చట్టములు కూడ ఈ సంగతిని గుర్తించినవి. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రము 2001లోనే సంరక్షణ గృహములలో రోగి గదిలో కెమెరా వంటివి పెట్టుటకు చట్టము చేసి, అదే గదిలో మరియొకరున్నయెడల వారి సమ్మతి కూడ ఉండవలెనని విధించినది. మన దేశములో ఒకరి వివరములను డిజిటల్ యంత్రములలో సేకరించుటనుగూర్చి 2023లో వచ్చిన చట్టమును సమ్మతికి ముఖ్యస్థానము ఇచ్చినది. కాని చట్టము కంటె ముందు మనకు ఆజ్ఞ యున్నది. ఆ ఆజ్ఞ తల్లిదండ్రులను కాపాడుమని చెప్పి ఊరకుండలేదు, సన్మానింపుమనెను. దొడ్డిలోని గేదెను కాపాడుదుము. పెట్టెలోని బంగారమును కాపాడుదుము. గేదెను ఎవరును సమ్మతి అడుగరు. తల్లిని సన్మానింతుము గనుక అడుగుదుము. ఆమె వద్దన్నయెడల కారణము వినుదుము.

మూడవది, కప్పుచు చూచుట. కొందరు నన్ను ఇట్లు అడుగుదురు: “అయ్యగారూ, మతి తప్పిన ముసలివారిని ఏమని అడగాలి?” ఇది న్యాయమైన ప్రశ్న. తన బిడ్డల పేర్లే మరచినవారు సమ్మతి ఎట్లిత్తురు? దీనికి నోవహు గుడారమునొద్దకు పోవుదము. ఆ దినమున నోవహు తన స్వాధీనములో లేడు. అతనిని అడుగుటకు వీలులేదు. హాము తండ్రి వస్త్రహీనతను చూచి, బయటనున్న సహోదరులకు తెలిపెను. షేము, యాపెతులు వస్త్రము భుజములమీద వేసికొని, ముఖములు త్రిప్పుకొని, వెనుకకు నడచి పోయి తండ్రిని కప్పిరి. చేయవలసిన పని పూర్తిగా చేసిరి, చూడనక్కరలేనిది చూడలేదు. అడుగుటకు వీలులేనివారి విషయములో మనకు ఇదియే మార్గము. అక్కరకు చాలినంతయే చూడుడి. కెమెరా లేకుండ పని జరుగునట్లయిన కెమెరా వద్దు. నీడ చాలునట్లయిన ముఖము వద్దు. బలము, బుద్ధి యున్న దినములలో ఆయన ఏమి కోరెడివాడో ఎరిగినవారిని విచారింపుడి.

హాము చేసినదానిలో రెండవ తప్పును మరువకుడి: అతడు బయట చెప్పెను. తండ్రి ఎన్నిసార్లు లేచెనో, తల్లి పక్క తడిసెనో, ఆ వివరము ఎవరెవరి చేతికి పోవుచున్నది? ఆ పరికరమును అమ్మినవారి యొద్ద ఎంతకాలము నిలువయుండును? బంధువులందరి ఫోనులలో అది ఎందుకు? కాపరి ఫోనులో ఎందుకు? ఈ కడపటి ప్రశ్న నా గుండెలో గుచ్చుకొనినది. ఆ రాత్రియే దానిని నా ఫోనునుండి తీసివేసితిని.

తరువాత ఆ కుమారునితో మాటలాడితిని. అతడు చెడ్డవాడు కాడు. సముద్రముల అవతలనుండి తల్లి శ్వాసను వినవలెనని తపించువాడు. “అమ్మ మళ్ళీ రాత్రంతా నేలమీద పడి ఉంటే నేనేం చేయాలి అయ్యగారూ?” అనెను. ఆ మాటకు నాయొద్ద జవాబు లేదు. ఆ భయము నిజమైన భయము. “అమ్మనే అడుగుదాం నాయనా” అంటిని.

మరుసటి సోమవారము నేను ఆమె మంచము ప్రక్కన కూర్చుండి, పరికరములను ఒక్కొక్కటిగా చూపి, ఏది ఏమి చేయునో, ఎవరికి చెప్పునో వివరించితిని. నర్సమ్మ కూడ వచ్చి నిలువబడెను. మామ్మ అంతయు విని యిట్లనెను: “పరుపు కిందది ఉండనివ్వండి. ఆ రాత్రి మట్టిలో పడి ఉండడం నేను మర్చిపోలేదు. గోడమీదదీ ఉండనివ్వండి. స్నానాలగది తలుపుది మాత్రం తీసేయండి, నాకు సిగ్గుగా ఉంది. ఇంకో మాట. రాత్రి లెక్కలు నర్సమ్మకు చాలు. మా వాడికి వద్దు. వాడికి నేనే చెప్తాను. ఇదివరకు ‘నిద్ర పట్టిందా అమ్మా’ అని అడిగేవాడు. ఇప్పుడు ఎన్నిసార్లు లేచానో వాడే నాకు చెప్తున్నాడు. నేను చెప్పడానికేం మిగల్లేదు.”

కుమారుడు ఒప్పుకొనెను, వెంటనే కాదు, రెండు దినములు ఆలోచించి ఒప్పుకొనెను. మూడు గంటలకు గంట మోగినయెడల నర్సమ్మ దీపము వేయక, తలుపు ఓరగా తీసి చూచి, మామ్మ మోకాళ్ళమీద నున్నయెడల మెల్లగా మూసి పోవునట్లు ఏర్పాటైనది. తలుపు పరికరము తీసివేసినందున కొంత అపాయము మిగిలియున్నదని నేను ఎరుగుదును. ఆమె స్నానపు గదిలో జారిపడినయెడల తెలియుటకు ఆలస్యము కావచ్చును. ఆ దినమున నా మనస్సాక్షి నన్ను అడుగకపోదు. అయినను అది ఆమె తెలిసి ఎన్నుకొనిన అపాయము. దానిని ఆమె చేతిలోనుండి లాగుకొను అధికారము నాకు కనబడలేదు.

ప్రియులారా, మన భాషలో “కనిపెట్టుట” అను మాట యొకటి కలదు. దాగినదానిని తెలిసికొనుట కనిపెట్టుట. ఒకరిని కంట నుంచి కాపాడుట కనిపెట్టియుండుట. ప్రభువు కొరకు ఓపికతో ఎదురుచూచుటయు కనిపెట్టుటయే. యంత్రము మొదటిదానిని మనకంటె బాగుగా చేయును. దానికి కృతజ్ఞులమై యుందము. రెండవదానిలో అది మనకు సహాయము చేయగలదు. మూడవది, అనగా ఒక ముసలితల్లి ప్రక్కన తొందరలేక కూర్చుండి, ఆమె నోటనుండి మాట వచ్చువరకు కనిపెట్టుట, దానికి చేతకాదు. అది మన పని.

కాబట్టి మూడు పనులు చేయుడి. మీ ఇంటనైనను, వసతిగృహమునందైనను పెద్దలకు ఇట్టి పరికరములు పెట్టవలసి వచ్చినయెడల, ముందు వారి ప్రక్కన కూర్చుండి వివరించి అడుగుడి. వార్త ఎవరికి పోవలెనో వారినే నిర్ణయింపనిండి. ప్రతి సంఘమును, ఊరు విడిచి వసతిగృహములలోనున్న తన పెద్దల పేర్లు వ్రాసికొని, నెలకొకసారియైనను ఎవరు పోవలెనో ఏర్పరచుకొనవలెను. మా సంఘములో ఆ పట్టీ గుడి తలుపు లోపలివైపున అంటించితిమి. మొదటి సోమవారము ఎదుట నా పేరున్నది. దానిని కొట్టివేయుటకు పైకప్పు పని గాని, కోతలు గాని చాలిన కారణములు కావు.

మొన్న పోయినప్పుడు కుమారునితో ఫోనులో ఏమి మాటలాడితిరని మామ్మను అడిగితిని. “రాత్రి ఎన్నిసార్లు లేచానో చెప్పాను” అని నవ్వెను. “ఒకటి తక్కువ చెప్పాను. వాడు నిద్రపోవద్దా మరి?”